పాతది తీసేయొద్దన్నారు

సోమవారం ఉదయం కోత మిషన్‌ను మళ్ళీ మొదలుపెట్టే ముందు యజమాని సుందరరాజు దానికి కొబ్బరికాయ కొట్టించాడు. బ్లేడు కవరుకు పసుపు రాయించి, బొట్టు పెట్టించి, నాలుగు మూలలా నిమ్మకాయలు పెట్టించాడు. ఇన్ని చేయించినవాడికి మిషన్ కింద ఎండిపోయిన నెత్తురు కడిగించాలని మాత్రం తోచలేదు. రాతిపొడి కలిసి అది అప్పటికే నల్లగా గట్టిపడింది. తెలియనివాళ్ళు చూస్తే గ్రీజు మరక అనుకుంటారు.

గ్రేస్ తన అద్దాల గదిలోంచి ఆ మరకనే చూస్తూ కూర్చుంది. మార్కాపురం దాటి కంభం రోడ్డులో ఉన్న ఆ పలకల ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని ఆమెది. ఒకప్పుడు బడిపిల్లల పలకలు చేసిన షెడ్డే అది. ఇప్పుడు గోడలకూ గచ్చులకూ అంటించే డిజైన్ రాళ్ళు కోసి లారీలకెత్తుతున్నారు. డిజైన్‌ను సిస్టంలో ఎక్కించడం గ్రేస్ వంతు. రాయిని మిషన్ బెడ్డు మీద పరిచి దగ్గర నిలబడటం, పోయిన బుధవారం దాకా, కోటయ్య వంతు.

"కాయ సమంగా పగిలింది. ఇంక ఏ పీడా లేదు," అంటూ సుందరరాజు చేతులు దులుపుకున్నాడు. "ఒరే అంకన్నా, నువ్వు మాత్రం ఆ కోటయ్య మాదిరి తాగి రాబాకురా నాయనా."

కాదని ఎవరూ అనలేదు. కోటయ్య చోట నిలబడ్డ అంకన్న తలొంచుకుని బెడ్డు మీదికి రాయి జరుపుకున్నాడు.

కోటయ్య తాగలేదని గ్రేస్‌కు తెలుసు. ఆ బుధవారం ఉదయం అతను ఆమె ఫ్లాస్కులోంచి టీ పోయించుకుని, ఎదురుగా నిలబడి ఊదుకుంటూ తాగాడు. మందు వాసన పట్టడానికి డిప్లొమాలు అక్కర్లేదు, గ్రేస్ వాళ్ళ పాలెంలో పుట్టిన ఏ ఆడపిల్లయినా ఆమడ దూరం నుంచే పడుతుంది. ఆ రోజు వాసన లేదు. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి, ఎప్పటిలాగే మిషన్ ముందు కళ్ళు మూసుకుని ఒక ముక్క ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాడు.

పలక రాయి పొరలు పొరలుగా ఉంటుంది. కోసేటప్పుడు ఒక్కోసారి పైపొర లేచి బ్లేడుకు అడ్డం పడుతుంది. పొర లేస్తే స్క్రీన్ మీద ఆపి తీసేస్తారు. స్క్రీన్ దాకా పోయే వ్యవధి లేకపోతే బెడ్డు పక్కనున్న ఎర్ర బటన్ నొక్కాలి. కానీ ఆ బటన్‌ను ఎవరూ ఊరికే ముట్టరు. నొక్కితే సిస్టం మొదటినుంచి లేవాలి, గీత తప్పి రాయి పాడవుతుంది, సుందరరాజు ఆ పూటంతా తిడతాడు. కోటయ్య ఆ రోజు నొక్కాడు. అదే క్షణంలో ఒక వరస పూర్తయి బ్లేడు పైకి లేచింది. రాయి మీద పోసే నీళ్ళ తుంపర్లలో తిరుగుతోందో లేదో కనపడదు. ఆగిందనుకుని పొర తీయబోయాడు. బ్లేడు రెండో వరసకు దిగింది. అంకన్న పరుగెత్తి గోడ మీది మిషన్ మెయిన్ స్విచ్ దించేసరికి కోటయ్య కుడిచేతికి రెండు వేళ్ళు పూర్తిగా, మూడోది సగం లేకుండా పోయాయి.

ఇది కోటయ్య చెప్పినమాట. బటన్ నొక్కనేలేదు, తాగి చెయ్యి పెట్టినాడు అన్నది సుందరరాజు మాట. ఆస్పత్రిలో డాక్టరుకూ అదే చెప్పాడు, ఎవరూ అడక్కముందే ఊరంతా అదే చెప్పాడు. ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పాలా!

సాయంత్రం గ్రేస్ కోటయ్యను చూడటానికి వెళ్ళింది. ఇద్దరిదీ ఒకే పాలెం, ఒకే చర్చి. వరసకు మామ అవుతాడు. కట్టుకట్టిన చేతిని పొట్ట మీద పెట్టుకుని వసారాలో గోడకానుకుని కూర్చున్నాడు. అతని భార్య ఎలీషబా పత్తి తీసి వచ్చి, ఒడిలో అంటుకున్న పుల్లలు ఏరుకుంటోంది.

"ఎట్లుంది మామా?"

"పోటు పెడతాంది," అన్నాడు కోటయ్య. "లేని ఏలే నొప్పి పుడతాంది గ్రేసమ్మా. ఉన్నియ్యి బాగనే ఉండాయి."

ఎలీషబా తల ఎత్తలేదు. గ్రేస్‌కు మంచినీళ్ళు ఇచ్చి, మొగుడి పక్కనుంచి వంగి గ్లాసు తీసుకునేటప్పుడు ముక్కుతో గాలి పీల్చి చూసింది. అది చూసి కోటయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"పొద్దున సంఘపెద్ద జయపాల్ మామ వచ్చి పోయినాడు," అంది ఎలీషబా. "వచ్చే ఆదివారం బల్లకు చెయ్యి చాపొద్దని చెప్పినాడు."

వాళ్ళ చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పళ్ళెంలో పెట్టి సంఘపెద్దలు వరసలో అందరికీ అందిస్తారు. సంఘం ముందు ఒట్టు పెట్టి తప్పినవాడి దగ్గర మాత్రం పళ్ళెం ఆగదు. వాడి మోకాళ్ళ ముందునుంచే పక్కవాడికి పోతుంది. కోటయ్య పోయిన ఏడాది అందరి ముందూ నిలబడి, ఇంక మందు ముట్టనని ఏడ్చి చెప్పినవాడు. ఆనాటినుంచీ ముట్టలేదు. పాలెంలో అతనికి ఉన్న ఆస్తల్లా ఆ మాటే.

"మామ తాగలేదత్తా. ఆ పొద్దున నేను చూసినా గదా."

"నువ్వు పొద్దున చూసినావు. మిట్టమద్దేనం యాడ చూసినావు?" ఎలీషబా చేతిలోని పుల్లను తుంచి పారేసింది. "బటన్ నొక్కుంటే మిషన్ ఆగేది గదా, దానికి అబద్ధం ఆడాల్సిన పనేంది గ్రేసూ? కంప్యూటర్‌కు మా మీద ఏమన్నా పగా? ఈయనైతే ఏండ్ల తరబడి చెప్పినాడు నాకు. తాగలేదంటాడు, తూలుకుంటా వస్తాడు."

"నొక్కినా ఎలీషా," అన్నాడు కోటయ్య గోడవైపే చూస్తూ. "రెండుసార్లు నొక్కినా. చెయ్యి పోయినాక ఎడంచేత్తో మళ్ళీ నొక్కినా. ఆగలా."

మర్నాడు మధ్యాహ్నం అందరూ క్యారియర్లు తీసుకుని షెడ్డు వెనక నీడకు పోయాక గ్రేస్ మిషన్ దగ్గరికి వెళ్ళింది. ఒక పనికిరాని రాయిని బెడ్డు మీద పెట్టి, చిన్న డిజైన్ ఎక్కించి మొదలుపెట్టింది. బ్లేడు రాయిలోకి దిగింది. దూరంగా నిలబడి, చెయ్యి చాపి ఎర్ర బటన్ నొక్కింది.

బటన్ మీద లైటు వెలిగింది. బ్లేడు ఆగలేదు.

మళ్ళీ నొక్కింది. అరచేత్తో గుద్దింది. అది దాని దారిన అది వరస పూర్తిచేసి, లేచి, రెండో వరసకు దిగింది. గ్రేస్ గోడదాకా పరుగెత్తి మెయిన్ దించేసి, అక్కడే చతికిలబడింది. ఓరి దేవుడా, నిన్నటినుంచీ అంకన్న ఈ మిషన్ ముందే కదా నిలబడింది!

పాత బటన్ నేరుగా కరెంటు కోసేది. అది కాలిపోయి చాలా కాలమైంది. దసరా వెళ్ళాక సిస్టం మార్చినప్పుడు కొత్త బటన్ పెట్టించి, ఖర్చు కలిసొస్తుందని దాన్ని కంప్యూటర్‌కే తగిలించమన్నాడు సుందరరాజు. కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ లైనక్స్. పాత లైనక్స్ తీసి కొత్తది ఎక్కించింది గ్రేసే. మిషన్ అమ్మినవాళ్ళ మనిషి ఫోన్లో చెబుతుంటే ఒక్కొక్కటే చేసుకుంటూ పోయింది. చివర్లో ఆ మనిషి, "పాత లైబ్రరీ ఫైళ్ళు ఉంటాయమ్మా, వెతికి తీసెయ్యి," అన్నాడు. లైబ్రరీ అంటే పుస్తకాలవి కావు. ప్రోగ్రాం తన పనికోసం పిలుచుకునే ఫైళ్ళు.

వెనకే నిలబడి వింటున్న సుందరరాజు ఒప్పుకోలేదు. "పాతది ఏదీ తీసేయొద్దు. రేపు కొత్తది మొరాయిస్తే ఏం చేస్తావు? మన కంపెనీలో ఏదీ పారేసేది లేదు," అన్నాడు. నిజమే, అక్కడ ఏదీ పారేయరు. విరిగిన పలకలు, అరిగిన బ్లేడ్లు, కాలిన మోటార్లు షెడ్డు చుట్టూ గుట్టలు పడి ఉంటాయి. ఆమె కూడా ఉండనీలే అనుకుంది. లోడు పోవాలని తొందరపెడుతుంటే, బటన్ నొక్కి లైటు వెలిగిందా లేదా అని మాత్రం చూసింది. బ్లేడు తిరుగుతుండగా నొక్కి చూడలేదు.

తన గదిలోకి పోయి తలుపు గడియ వేసుకుని సిస్టం లోపల వెతికింది. ఎంతోసేపు పట్టలేదు. ఎప్పుడో ఎవరో వేసిపోయిన పాత ఫోల్డరులో, కొత్త లైబ్రరీ పేరే పెట్టుకుని, పాతది కూర్చుని ఉంది. సిస్టం ముందుగా ఆ ఫోల్డరే చూస్తుంది. కొత్త ఫైలు వెనక ఉన్నా దానిదాకా పోవడంలేదు. పాతదానికి రాయి కోయడం వచ్చు, బ్లేడు తిప్పడం వచ్చు. కొత్తగా తగిలించిన ఎర్ర బటన్ సంగతే తెలియదు.

గ్రేస్ ఆ ఫైలును అక్కడినుంచి తీసి వేరే మూల ఇంకో ఫోల్డరులో పడేసింది. సిస్టం మళ్ళీ లేపి, రాయి పెట్టి, బటన్ నొక్కింది. బ్లేడు టక్కున ఆగింది. మళ్ళీ నడిపి మళ్ళీ నొక్కింది. ఆగింది. ఇంత చిన్న పని! దీనికోసం ఒక మనిషి చెయ్యి పోయింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే నొక్కి చూసింది, ఏడుస్తూనే రాయి తీసి గుట్టలో పడేసింది.

కళ్ళు కడుక్కుని సుందరరాజు గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంత శ్రద్ధగా అతను ఆమె మాట వినడం అదే మొదలు.

"ఇప్పుడు ఆగుతాందా?"

"ఆగుతాంది సార్."

"ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్. మీకే ముందు చెప్దామని..."

"మంచి పని చేసినావు. ఆ పాత ఫైలు ఉంది చూడు, దాన్ని పూర్తిగా తీసిపారెయ్యి. ఆనవాలు కూడా ఉండకూడదు."

"మరి కోటయ్య మామ సంగతి సార్? ఆయన నొక్కినాడు గదా. మీరే ఒక మాట..."

సుందరరాజు కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతు పెంచలేదు. "సిస్టం మార్చింది ఎవురమ్మా? నేనా? నాకు మౌసు పట్టుకోనే రాదు. రేపు పోలీసులొస్తే ఎవురి పేరు రాసుకుంటారు? చదువుకున్నదానివి, నీకు చెప్పాల్నా? ఆడపిల్లవు. పోయి పని చూసుకో."

ఆమె తలుపు దాటకముందే అతను ఫోనెత్తాడు. "జయపాల్ అన్నా, నేను. మీ సంఘంలో అనుమానాలేమన్నా ఉంటే ఎందుకు? మీరే వచ్చి మీ కండ్లతో చూసుకోండి. కోటయ్యను కూడా తీసుకరండి, ఆయన చేత్తోనే నొక్కిద్దాం."

గురువారం వాళ్ళొచ్చారు. జయపాల్ రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి, తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని, మాట తూచి మాట్లాడతాడు. వెనకాల కోటయ్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎలీషబా. సుందరరాజు అందరికీ టీ తెప్పించాడు. కోటయ్యకు తన చేత్తోనే కుర్చీ వేశాడు. అంకన్న రాయి పెట్టి మిషన్ నడిపాడు.

"నొక్కు కోటయ్యా," అన్నాడు సుందరరాజు. "నీకెట్ల తోస్తే అట్ల నొక్కు."

కోటయ్య లేచి ఎడమచేతి బొటనవేలితో నొక్కాడు. బ్లేడు ఆగింది.

అతను బటన్‌ను చూశాడు, బ్లేడును చూశాడు. "మళ్ళీ నడపరా," అన్నాడు అంకన్నతో. మళ్ళీ నొక్కాడు. ఆగింది. ఇంకోసారి నడపమన్నాడు. ఈసారి ఆ రోజులాగే వరస చివరిదాకా చూసి నొక్కాడు. ఆగింది. అతని నుదుటి మీద చెమట పట్టింది.

అద్దం వెనక గ్రేస్ నోరు తెరవలేదు. చెబుదాం, ఇప్పుడే చెబుదాం అని లోపల అనుకుంటూనే ఉంది. పోలీసు జీపు పాలెంలోకి రావడం, తన నాయన మొహం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. గాజుగదిలోంచి లేవలేదు. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది, అయినా లేవలేదు.

కోటయ్య కట్టుకట్టిన చేతిని ఎత్తి, అది వేరెవరిదో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అయితే నేనే నొక్కలేదేమో," అన్నాడు మెల్లగా. "నొక్కినాననుకున్నానేమో పెద్దయ్యా. నాకే తెలీకుండా ఉండాది."

"పోనీలే, మనిషన్నాక పొరపాటు రాకుండా ఉంటదా," అని సుందరరాజు అతని భుజం తట్టాడు. ఎంత దయ!

ఎలీషబా కొంగు గట్టిగా నోట్లో కుక్కుకుని, మొగుడికంటే ముందుగా షెడ్డు బయటికి నడిచింది.

ఆదివారం చర్చిలో కోటయ్య చివరి వరసలో కూర్చున్నాడు. పాటలో పెదవి కలపలేదు. ఆడవాళ్ళవైపు ఎలీషబా చాప అంచు పీకుతూ కూర్చుంది. ప్రార్థన అయ్యాక జయపాల్ పళ్ళెం పట్టుకుని మగవాళ్ళ వరసలన్నీ తిరిగాడు. కోటయ్య దగ్గరికొచ్చేసరికి అడుగు ఆపలేదు, అటువైపు చూడనూ లేదు. పళ్ళెం అతని ముందునుంచి పక్కన కూర్చున్న ముసలాయనకు పోయింది. అన్నిటికంటే ఘోరం, కోటయ్య మోకాళ్ళు పక్కకు జరుపుకుని దానికి దారి ఇచ్చాడు.

ఆ జరుపుకోవడం చూసింది గ్రేస్. అంతవరకూ ఆమెను కట్టిపడేసిన భయం ఏమైపోయిందో ఆమెకే తెలియదు.

పళ్ళెం ఆడవాళ్ళవైపు వచ్చి ఆమె ముందు ఆగింది. ఆమె చెయ్యి చాపలేదు. లేచి నిలబడింది.

"నాకు వద్దు పెదనాయనా."

"ఏందమ్మా?" అన్నాడు జయపాల్ తగ్గుగొంతుతో.

"మామకు లేనప్పుడు నాకూ వద్దు. మొన్న మీరొచ్చినప్పుడు ఆ బటన్ పనిచేసింది. పనిచేసేటట్టు చేసింది నేను. అంతకుముందు అది పనిచేయలా. మీరంతా ఫ్యాక్టరీకి రావాల. ఇప్పుడే రావాల."

చర్చిలో గుసగుసలు లేచాయి. గ్రేస్ వాళ్ళ నాయన కూర్చోమని సైగ చేశాడు. జయపాల్ పళ్ళెం తీసుకెళ్ళి ముందు బల్ల మీద పెట్టి, తెల్లగుడ్డ కప్పాడు.

రెండు ఆటోల్లో వచ్చారు. సెలవురోజు కాబట్టి షెడ్డులో ఎవరూ లేరు. కాపలా గోవిందయ్య ఆ గుంపును చూసి గేటు తీయాలా వద్దా అని తటపటాయించాడు.

"తాళం నా దగ్గరుంది తాతా," అంది గ్రేస్. "సార్‌కు ఫోన్ చెయ్యి. ఆయన కూడా రానీ."

గదిలో కూర్చుని, పక్కన పడేసిన ఫైలును తీసుకొచ్చి మళ్ళీ పాతచోటే పెట్టింది. జయపాల్ ఆమె వెనక నిలబడి కళ్ళజోడు సవరించుకున్నాడు. "నాకర్థమయ్యేటట్టు చెప్పమ్మా."

"గుత్తిలో పాత తాళంచెవి కొత్త తాళంచెవి రెండూ ఉన్నాయనుకో పెదనాయనా. ప్రతిసారీ చేతికి పాతదే ముందొస్తాంది. ఆ పాతదాన్ని మొన్న నేను పక్కకు తీసినా, అందుకే ఆగింది. ఇప్పుడు మామ చెయ్యి పోయిననాడు ఎట్లుందో అట్లనే పెట్టినా."

ఆమె రాయి పెట్టి మిషన్ నడిపింది. బ్లేడు దిగింది. ఎవరు నొక్కాలా అని ఒకరినొకరు చూసుకుంటుంటే, ఎలీషబా అందరినీ తోసుకుని ముందుకొచ్చింది.

వేలితో నొక్కింది. లైటు వెలిగింది. బ్లేడు పోతూనే ఉంది.

అరచేత్తో నొక్కింది. రెండు చేతులూ కలిపి, ఒళ్ళంతా బరువేసి నొక్కింది. బ్లేడు పోతూనే ఉంది. "ఆగు," అంది దానితో. "ఆగవే! ఆగు!" వరస చివర బ్లేడు పైకి లేచి, నీళ్ళ తుంపర్ల మధ్య ఒక్క క్షణం నిలబడినట్టే నిలబడి, మళ్ళీ రాయిలోకి దిగింది. ఎలీషబా కేక పెట్టింది. అంకన్న పరుగెత్తినట్టే ఈసారి గ్రేస్ పరుగెత్తి మెయిన్ దించింది.

మిషన్ చప్పుడు ఆగినచోట బయట బండి ఆగిన చప్పుడు వినపడింది. సుందరరాజు చెప్పులు విడవకుండానే లోపలికొచ్చాడు. బెడ్డు మీది రాయినీ, ఎలీషబా చేతులనూ, గ్రేస్‌నూ చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది.

"ఏం పని చేసినావే!" అని గ్రేస్ మీదికి వచ్చాడు. "ఆ పాతదాన్ని తీసిపారేయమని మంగళవారమే చెప్తిని గదా నీకు! ఆనవాలు లేకుండా తీసెయ్యమంటిని గదా!"

జయపాల్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మంగళవారం," అన్నాడు. "మమ్మల్ని పిలిచి టీలు పోయించింది గురువారం."

సుందరరాజు ఫోను కోసం జేబు తడుముకున్నాడు.

"పాతది ఏదీ తీసేయొద్దని మీరే గదా సార్ చెప్పింది," అంది గ్రేస్. "మన కంపెనీలో ఏదీ పారేసేది లేదంటిరి."

అతను ఫోను తీసుకుని ఎవరికో చేస్తూ బయటికి పోయాడు. సిస్టం మార్చింది ఆ పిల్లేననీ, రేపటినుంచి గేటు తొక్కనివ్వననీ, కేసు పెడతాననీ అరవడం లోపలికి వినపడుతూనే ఉంది. పెడతాడు. అతనికి తెలిసినవాళ్ళు చాలామంది. గ్రేస్‌కు అది తెలుసు, అయినా ఊపిరి మాత్రం ఐదు రోజుల తరవాత లోపలిదాకా పోయింది.

కోటయ్య ఇంతసేపూ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అతని మొహంలో సంతోషం ఏమీ లేదు. మెల్లగా మిషన్ దగ్గరికొచ్చి, కింద నల్లగా గట్టిపడిన మరకను కాసేపు చూశాడు.

"గ్రేసమ్మా," అన్నాడు. "రేపు పొద్దున అంకన్న వస్తాడు గదా దీని మీదికి."

"వస్తాడు మామా."

"అయితే సరిచేసి పోదాం పా."

గ్రేస్ వెళ్ళి ఆఖరిసారి ఆ కుర్చీలో కూర్చుంది. పాత ఫైలును తన పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని జయపాల్ చేతికిచ్చింది. తరవాత సిస్టంలో దాన్ని పాతచోటినుంచి తీసేసి, మెయిన్ ఎత్తి, మిషన్ నడిపింది.

"అత్తా, నొక్కు," అంది అద్దంలోంచి.

ఎలీషబా మొగుడివైపు చూసింది. అతని మంచి చేతిని పట్టుకుని తీసుకొచ్చి బటన్ మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కింది. బ్లేడు ఆగింది. అతని చెయ్యి ఆమె వదల్లేదు.